అమ్మ దిద్దని కాగితం

మా ఆయనకు తెలియని విద్య లేదు. తెలియదని ఒప్పుకోవడం ఒక్కటే రాదు.

అమ్మ ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతుంది. జీవితమంతా పరాయివాళ్ళ రాతల్లో తప్పులు ఏరిన మనిషి, ఇవాళ రిటైరవుతూ మొదటిసారి తను రాసుకున్న నాలుగు మాటలు నలుగురిలో చదవబోతోంది. కంగారులో పొద్దుట కాఫీ కూడా ముట్టలేదు. "కాస్త పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసిపెట్టండి బాబూ, చేతులు వణికినా చూసి చదివేస్తాను" అని అల్లుణ్ణి అడిగింది.

"అదెంతసేపు అత్తయ్యా!" అన్నాడీయన.

తెరమీద అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. కాగితం మీద మాత్రం అన్నీ ఖాళీ డబ్బాలే. ఈయన ముచ్చటపడి ఎంచుకున్న సోకుల అక్షరాల ఫాంటు మా ఇంటి ప్రింటరుకు ఎక్కలేదు. ఈయన ప్రింటరును చరిచాడు, అమ్మినవాణ్ణి తిట్టాడు, పక్కన నిలబడ్డానని నన్ను కసిరాడు. చివరకు వేరే ఫాంటు పెడితే అక్షరాలు శుభ్రంగా వచ్చాయి. హమ్మయ్య అనుకున్నాం. అక్కడితో ఆగితే మా ఆయనెందుకవుతాడు? "ఇది మరీ ఆఫీసు నోటీసులా ఉంది. ప్రింటరు దారికొచ్చిందిగా" అంటూ మళ్ళీ ఆ సోకుల ఫాంటే పెట్టి తీశాడు. కాగితం బోర్లా పడింది. తిప్పి చూడకుండానే మడిచి కవర్లో పెట్టేశాడు.

"ఓసారి చూసుకుంటాను బాబూ" అంది అమ్మ.

"నామీద ఆమాత్రం నమ్మకం లేదా అత్తయ్యా? టైమైపోయింది, పదండి."

అల్లుడు చిన్నబుచ్చుకుంటాడని అమ్మ కవరు విప్పకుండానే సంచిలో పెట్టుకుంది. చేత్తో రాసుకున్న కాగితం బల్లమీదే ఉండిపోయింది.

ప్రెస్సు హాల్లో అమ్మ మైకు ముందు నిలబడి కవరు విప్పింది. ముందు వరసలో ఉన్నాం. వెనకనుంచి వెలుగు పడి కాగితంలోంచి డబ్బాలు కనిపించాయి. నా పైప్రాణాలు పైనే పోయాయి. అమ్మ ఒకసారి మావైపు చూసింది. ఈయన ముఖంలో నెత్తుటిచుక్క లేదు.

"క్షమించాలి. ఈమధ్య నాకు కళ్ళు సరిగ్గా ఆనడం లేదు. చదవలేను. అందరికీ నమస్కారం" అంది అమ్మ.

"అదా సంగతి! మరి ఇన్నాళ్ళూ మా పుస్తకాలెలా దిద్దారమ్మా?" అన్నాడు మేనేజరు. హాలంతా గొల్లుమంది. అమ్మ కూడా నవ్వింది.

"లేచి చెప్పండి" అని ఈయన్ని మోచేత్తో పొడిచాను. తల వంచుకుని కూర్చున్నాడు. పోనీ, నాకు లేదా నోరు? ఇంట్లో పైకప్పు ఎగరగొట్టే నోరు! మా అమ్మ కళ్ళకేం కాలేదండీ, ఇది మా ఆయన నిర్వాకం అంటే సరిపోయేది. నలుగురిలో మొగుడి పరువు పోతుందని ఊరుకున్నాను. అమ్మ పరువు పోతుంటే అందరితోపాటు చప్పట్లు కొట్టాను. తలెత్తి ఆవిణ్ణి చూడలేకపోయాను.

తిరిగొస్తుంటే కారులో అన్నాడీయన. "పొరపాటైపోయింది అత్తయ్యా. ఇంటికెళ్ళగానే మళ్ళీ తీసిస్తాను, ఒక్క అక్షరం పోకుండా."

"ఇప్పుడెందుకులెండి బాబూ" అంది అమ్మ. "వినేవాళ్ళు వెళ్ళిపోయారుగా."