గిద్దలూరుకు చెప్పని మాట

మార్కాపురంలో కేబుల్ ఇంటర్నెట్ నడిపే రంగనాయకమ్మ దగ్గర ప్రకాష్ ఒక్కడే నెట్‌వర్క్ ఇంజనీరు. ఒక్కడే కాబట్టి తనే పెద్ద ఇంజనీరునని చెప్పుకోవడానికి అడ్డు లేదు. రౌటర్‌లో సాఫ్ట్‌వేర్ మార్చినప్పుడల్లా ఊరంతా నెట్ పోయేది, తిట్లన్నీ అతనికొచ్చేవి. ఈసారి ఆ మాట పడకూడదని వీడియోలు చూసి చూసి కొత్త ఏర్పాటు చేశాడు. డేటా ఏ దారిన పోవాలో చూసుకునే సాఫ్ట్‌వేర్ ఆగి మళ్లీ లేచేదాకా, అది పాత దారుల్లోనే నడుస్తూ ఉంటుంది. ఎవరికీ ఏమీ తెలియదు.

"పెద్దమ్మా, పట్టపగలే రీస్టార్ట్ చేస్తా. నువ్వు అంజలితో వీడియో కాల్ మాట్లాడతానే ఉండు. తెగితే మీసం తీసేస్తా" అన్నాడు. ఆ మీసమూ అంతంతమాత్రమే.

కనిగిరి నుంచి కూతురు అంజలి తన చంటిపాపను చూపిస్తోంది. "నవ్వుతాంది సూడు నా బంగారు" అని రంగనాయకమ్మ మురిసిపోతుండగా ప్రకాష్ ఎంటర్ కొట్టాడు.

పాప నోరు తెరిచింది తెరిచినట్టే ఆగిపోయింది.

ఊళ్లోంచి ఫోన్లు మొదలయ్యాయి. వాటి మధ్యలో గిద్దలూరు నుంచి మల్లి చేసింది. అక్కడి రౌటర్ ఆమె చేతిలో ఉంటుంది, మార్కాపురానికి నెట్ దాని మీదుగానే వస్తుంది.

"ఏందన్నా, నీ రౌటర్ సచ్చిపోయిందా? అది పలక్కపోయేసరికి నాది నీ దారులన్నీ తీసేసింది."

"సావలేదు మల్లీ, కునుకు తీసి లేస్తాది. అందాకా ఆగాలని నీ దానికి తెలీదా?"

"ఎట్ల తెలుస్తాది? ఆగమని సెట్ చేయాల. నాకన్నా చెప్పినావా?"

చెప్పలేదు. పక్క రౌటర్‌లోనూ సెట్ చేయాలని ప్రతి వీడియోలోనూ ఉంది. చెబితే సగం పేరు ఆమెకు పోతుందని ఆ ముక్క దాటేశాడు. సగం పేరు కోసం ఊరి నెట్ మొత్తం ఊడగొట్టిన మేధావి అతను.

"నాదే తప్పు మల్లీ" అన్నాడు. ఆమె నవ్వి, తన వైపు సెట్టింగ్ మార్చింది.

భోజనాలయ్యాక రంగనాయకమ్మ మళ్లీ కాల్ కలిపింది. ప్రకాష్ ఈసారి మీసం ఊసెత్తకుండా ఎంటర్ కొట్టాడు. పాప ఏడుస్తోంది, ఎక్కడా తెగకుండా.

"ఎప్పుడు చేస్తావురా? బిడ్డకు పాలేళయింది."

"అయిపోయింది పెద్దమ్మా. ఆగింది, లేచింది గూడా."

"ఏం కాలేదే!"

"ఏం కాకూడదనే గదా ఇదంతా."

ఆమె నమ్మలేదు. పొద్దునైతే ఏదో చేశాడని కళ్లారా చూసింది. ఇంతలో ప్రకాష్ ఫోన్ స్పీకర్‌లో, లైన్లోనే ఉన్న మల్లి, "ఒక్క దారి గూడా పోలేదన్నా" అంది.

"గిద్దలూరు పిల్ల గట్టిది. పొద్దున్నే ఆ పిల్లనడిగుంటే సరిపోయేది గదరా" అంది రంగనాయకమ్మ.

"అవును పెద్దమ్మా" అన్నాడు ప్రకాష్. నిజమే కాబట్టి నవ్వు కూడా వచ్చింది.

సాయంత్రం దాకా ఊళ్లోంచి ఒక్క ఫోనూ రాలేదు. నెట్ బాగుందని చెప్పడానికి ఎవరూ ఫోన్ చేయరని తెలుసు. అయినా సెల్లు తీసి సిగ్నల్ ఉందో లేదో చూసుకున్నాడు.