ఫ్యాన్ ఆపిన వైద్యం

"చప్పుడు చేసేదేదీ ఉండకూడదు" అంటూ ఆయన ఫ్యాన్ ఆపేశాడు. తర్వాత కిటికీ మూసి తెర లాగాడు.

"వేడికి మా చెల్లి కాలు పనిచేయదండీ" అన్నాను.

"మీరలా అంటూ ఉండబట్టే పనిచేయడం లేదు" అని నవ్వాడు. ఆ నవ్వు ఆయన వెనక గోడకున్న సర్టిఫికెట్ల కంటే పెద్దది.

మా చెల్లికి మల్టిపుల్ స్క్లెరోసిస్. ఒంటిని కాపాడవలసిన శక్తే నరాల పైపొరను కొరికేసే జబ్బు. ఒళ్ళంతా మంటలు, తిమ్మిర్లు, నిద్ర ఉండదు. "హిప్నోథెరపీ, అంటే మాటలతో మనసును జోకొట్టే వైద్యం, నొప్పికీ నిద్రకీ కొంత సాయపడొచ్చు. మందు మాత్రం ఆపొద్దు" అంది డాక్టరమ్మ. చెల్లి మొగుడు, మా మరిది, మొదటి వాక్యం విన్నాడు. రెండోది వినే తీరిక లేకపోయింది. వెతికి వెతికి ఈ ఫ్యాన్ ఆపినాయన్ని పట్టుకున్నాడు. ఈయనేమో సూదిమందు మానితే తప్ప మనసు మాట వినదన్నాడు. నిన్న వేసుకోవలసిన సూది ఫ్రిజ్‌లోనే ఉండిపోయింది.

"ఏరు దాటకముందే తెప్ప తగలేయమంటున్నాడే అక్కా, నీ మరిదిగారి జోలపాటాయన" అంది చెల్లి ఇక్కడికి వచ్చే దారిలో.

"ఈ ఒక్కసారీ చూడు. ఆ తర్వాత సూది వేసుకోవాలో మానాలో నువ్వే చెప్పు. నీ మాటే నా మాట" అని బతిమాలాడు మరిది.

జోలపాటాయన గొంతు సవరించుకున్నాడు. "మీ రెప్పలు బరువెక్కుతున్నాయి... కాళ్ళు బరువెక్కుతున్నాయి... మొద్దుబారుతున్నాయి..."

"అవి పొద్దున్నుంచీ అలాగే ఉన్నాయండీ" అంది చెల్లి కళ్ళు మూసుకునే. "తేలిక చేస్తారని వచ్చాను."

"ష్!"

ఆయనకు వచ్చింది ఒకటే పాఠం. సిగరెట్ మానాలనుకునేవాడికీ, పరీక్షలంటే వణికే పిల్లకీ, మా చెల్లికీ ఒకే కొలత చొక్కా. గదిలో గాలి ఆడలేదు. చెల్లి మెడ మీద చెమట ధారకట్టింది.

"ఇప్పుడు మీ కుడికాలు లేవదు. ప్రయత్నించి చూడండి."

చెల్లి ప్రయత్నించింది. నిజంగానే లేవలేదు.

"చూశారా!" అని ఆయన మరిది వైపు తిరిగాడు. మరిది కళ్ళలో నీళ్ళు. పెళ్ళాం కాలు పడిపోయినందుకు ఆనందబాష్పాలు రాల్చిన మొగుణ్ణి నేనెప్పుడూ చూడలేదు.

"చిటికె వేయగానే లేచి నిలబడతారు."

చిటికె వేశాడు. చెల్లి కదలలేదు. ఇంకోటి వేశాడు. "చాలా లోతుకు వెళ్ళిపోయారు" అని గొంతు తగ్గించాడు.

"లోతుకు కాదండీ, ఉడికిపోయాను" అంది చెల్లి కళ్ళు తెరిచి. "అక్కా, ఫ్యాన్!"

ఫ్యాన్ వేసి, కిటికీ తీసి, రుమాలు తడిపి మెడ మీద వేశాను. కాసేపటికి బొటనవేలు కదిలింది. ఆ తర్వాత మడమ లేచింది.

"అదిగో! కొందరిలో నా మాట ఆలస్యంగా పనిచేస్తుంది" అన్నాడాయన.

కాకి వాలిందని తాటిపండు పడిందట. ఈ కాకి మరీ ఘనమైనది, పండు పడ్డాక తీరిగ్గా వచ్చి వాలింది.

మరిది ఫ్యాన్ వైపు చూశాడు, కాలు వైపు చూశాడు. "అంటే, కాలు పడిపోయింది ఉక్కపోతకా?"

"రోజూ నా స్నానానికి చన్నీళ్ళు పట్టేది మీరే కదా" అంది చెల్లి. "ఎందుకనుకున్నారు?"

ఇల్లు చేరగానే మరిది చెల్లిని కుర్చీలో కూర్చోబెట్టి ఫ్యాన్ వేసి, "చెప్పు. నీ మాటే నా మాట అన్నాను" అన్నాడు.

"సూది తీసి బల్ల మీద పెట్టండి. చల్లగా పొడిస్తే మండుతుంది."

ఫ్రిజ్ తలుపు తీసి, పెట్టెను గాజుబొమ్మలా తెచ్చి పెట్టాడు.

"మరి నీ నిద్ర సంగతి?"

"దానికి పని తెలిసినవాళ్ళెవరో డాక్టరమ్మనే అడగండి. సూది ఒకరోజు ఆలస్యమైందనీ చెప్పండి" అంది చెల్లి, ఫోన్ ఆయన చేతికిస్తూ. "ఈసారి రెండో వాక్యం కూడా వినండి."