మడత విప్పని చీర

పగ కూడా ఎండుచేప లాంటిదే. గోనెసంచిలో కట్టి అటకమీద పడేస్తే ఇంట్లో ఉన్నట్టే తెలియదు. కాస్త ముసురు పట్టిందా, ఇల్లంతా తానే అయి కూర్చుంటుంది. సింహాచలమ్మకు ఆ ముసురు ఏటా డిసెంబరులో పట్టేది.

సముద్రం మధ్య దీవిలో, మిడిల్ పాయింట్ బజారులో ఆమెకు చీరల కొట్టు ఉంది. ఏ రంగు అడిగినా విసుక్కోకుండా తీసి పరుస్తుంది. తెల్లచీర మాత్రం ఆ కొట్టులో దొరకదు. అడిగితే "పక్క దుకాణంలో చూడండి దీదీ" అంటుంది. కొట్టు నిలదొక్కుకోగానే ఆమె లైట్‌హౌస్ సేవా క్లబ్‌లో సభ్యురాలిగా చేరింది. పుణ్యం కోసమనుకున్నారు అందరూ. ఆ క్లబ్బులో గౌతమి గారు ఉన్నారు కాబట్టి చేరిందని ఎవరికీ తెలియదు.

డిసెంబరు మొదట్లో మీటింగు జరిగింది. క్రిస్మస్ వారంలో ఏం పంచాలన్నది మాట. అధ్యక్షుడు రామ్‌ప్రసాద్ ఫోన్ చూసుకుంటూ చెప్పాడు.

"మెయిన్‌లాండ్ నుంచి పెద్దాఫీసు వాళ్ళు కంబళ్ళు పంచమంటున్నారు."

"కంబళ్ళా? ఫ్యాన్ ఆగితే నిద్రపట్టని ఊళ్ళో కంబళ్ళు ఎవరికి భయ్యా?" అన్నారెవరో.

"కప్పుకోడానిక్కాదు భాయ్, ఫోటోకి. ఒకటి కొంటే చాలు, అందరికీ కప్పి తీసేయొచ్చు."

అందరూ నవ్వారు. గౌతమి గారు మాత్రం కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. క్లబ్బు పుట్టినప్పటి నుంచీ ఉన్న మనిషి ఆవిడ. ఆవిడ కళ్ళజోడు తీస్తే నవ్వులు ఆగాలి.

"వేళాకోళాలు చాలు. నా హయాం నుంచీ ఈ వారంలో వితంతువులకి చీరలిస్తున్నాం. అదే ఇద్దాం."

"ఈసారి రంగువి ఇస్తే బాగుంటుందేమో మేడమ్?" అన్నాడు రామ్‌ప్రసాద్ నెమ్మదిగా.

"వాళ్ళకి రంగులెందుకయ్యా? తెల్లవే. శుభ్రంగా ఉంటాయి."

సింహాచలమ్మ గోళ్ళు అరచేతిలో దిగాయి. మొహంలో మాత్రం నవ్వు చెదరలేదు.

"పంపకం అయ్యాక మేడమ్ గారికి సన్మానం చేద్దాం," అంది. "ఇన్నేళ్ళ సేవ. ఎవరో ఒకరు గుర్తు పెట్టుకోవాలి కదా. చీర నా కొట్టు నుంచి నేనే పెడతాను."

చప్పట్లు కొట్టారు. గౌతమి గారు "అయ్యో, నాకెందుకమ్మా ఇవన్నీ" అన్నారు. ఒక్క నిమిషం ఆగి, "లేత రంగైతే నాకు నప్పుతుంది" అని కూడా అన్నారు.

"లేత రంగే తెస్తాను మేడమ్," అంది సింహాచలమ్మ.

*

ఆమె తండ్రి అప్పలరాముడు. శ్రీకాకుళం తీరం నుంచి ఈ దీవికి వచ్చి చేపల వేటతో బతికిన మనిషి. ఆమె బడికి వెళ్ళే వయసులో, ఇలాంటి డిసెంబరులోనే, తుపాను గాలికి ఆయన పడవ తిరిగి రాలేదు. ఇంజను చెడి బర్మా వైపు కొట్టుకుపోయిన వాళ్ళు నెలలు గడిచాక ఏదో ఓడలో తిరిగొచ్చిన సంగతులు వేటగాళ్ళ ఇళ్ళల్లో అందరికీ తెలుసు. అందుకే సముద్రంలో తప్పిపోయినవాడి భార్య గాజులు తీయదు, బొట్టు చెరపదు. వాకిట్లో దీపం పెట్టుకుని కూర్చుంటుంది. ఆమె తల్లి ఎరుకమ్మ కూడా అలాగే కూర్చుంది.

అప్పట్లో గౌతమి గారి భర్త తిరుమలరావు గారు హార్బరులో ఆఫీసరు. లాంచి వేసుకుని వెతకడానికి ఆయనే స్వయంగా వెళ్ళారు. ఇంటికొచ్చి "ఇంకా చూస్తున్నాం తల్లీ, ధైర్యంగా ఉండు" అని చెప్పి వెళ్ళారు. ఆయన అలా వెతుకుతూ ఉండగానే, ఇక్కడ క్లబ్బు వాళ్ళు వచ్చి సాయం చేస్తామని ఎరుకమ్మను హాలుకు తీసుకెళ్ళారు. బియ్యం ఇస్తారు కాబోలనుకుని, కూతురి చెయ్యి పట్టుకుని వెళ్ళింది. స్టేజీ ఎక్కాక గౌతమి గారు మైకులో "వితంతువు ఎరుకమ్మ" అని పిలిచి, నీలం అంచున్న తెల్లచీర చేతుల్లో పెట్టారు. ఫోటో తీశారు. ఎరుకమ్మ దాన్ని పట్టుకునే మెట్లు దిగింది.

అప్పలరాముడు రాలేదు. వెతుకులాట ఆపేశారు.

ఎరుకమ్మ ఆ చీర మడత విప్పలేదు. అలాగే రేకు పెట్టెలో అడుగున పెట్టింది. బొట్టు తీయలేదు, గాజులు తీయలేదు. అమావాస్య నాడు కొబ్బరికాయ తీసుకెళ్ళి సముద్రంలో వేస్తుంది. ఎప్పుడైనా గోడకానుకుని కూర్చుని "ఈ సేతుల్తోనే అందుకున్నాను" అనుకునేది. సింహాచలమ్మ ఆ మాట వింటూ పెరిగింది. తెల్లచీర అందుకున్న చెయ్యే నాన్న దారి మూసేసిందని అమ్మ కుమిలిపోతోందని ఆమెకు అర్థమైంది. ఆ చెయ్యి చాపించిన మనిషి మాత్రం ఏటా స్టేజీమీద నవ్వుతూనే ఉంది.

*

సన్మానం రోజు పొద్దున్న సింహాచలమ్మ స్నానం చేసి, సింహాద్రి అప్పన్న పటానికి దండం పెట్టుకుంది. తల్లి పూలు కోయడానికి పెరట్లోకి వెళ్ళగానే పెట్టె తెరిచింది. చీర కర్పూరం వాసన వేస్తోంది. మడతల దగ్గర పసుపు పచ్చగా తిరిగింది.

దాన్ని బంగారు కాగితంలో చుడుతూ ఉంటే చెయ్యి ఒక్కసారి ఆగింది. క్లబ్బులో సన్మానం చేస్తే, చీర అక్కడే మడత విప్పి భుజాన వేసుకుని ఫోటో దిగాలి. అది వాళ్ళ ఆనవాయితీ. నిండు ముత్తయిదువ నలుగురిలో తెల్లచీర భుజాన వేసుకుంటే ఏమవుతుంది? తిరుమలరావు గారికి ఈ మధ్యే మద్రాసులో గుండె ఆపరేషన్ అయింది. కర్ర పట్టుకుని నడుస్తున్నారు.

చీరలో ఏ కీడూ లేదంటే అమ్మ చేతిలో తప్పు లేదు. అప్పుడు ఈ పగే లేదు. చీరలో కీడు ఉందంటే, ఇప్పుడు తను చేస్తున్నది ఏమిటి? సింహాచలమ్మ పటం వైపు చూసింది. "హిరణ్యకశిపుణ్ణి నువ్వు చీల్చలేదా స్వామీ?" అని అడిగింది. అప్పన్న ఒంటినిండా చందనం పూసుకుని చల్లగా ఉన్నాడు. ఆయన్ని అలా ఏడాది పొడుగునా చల్లార్చి ఉంచడం ఎందుకో అని ఒక ఆలోచన వచ్చింది గానీ, దాన్ని అక్కడే వదిలేసి కాగితం అంటించేసింది.

తల్లిని కూడా బయలుదేరదీసింది.

"నానెందుకే ఆ మీటింగుకి?" అంది ఎరుకమ్మ.

"రా అమ్మా. ఇవాళ నీకొకటి చూపిస్తాను."

ఆటోలో షాదీపూర్‌లోని ఇంటి నుంచి హాలు దాకా ఎరుకమ్మ కూతురి చెయ్యి పట్టుకునే కూర్చుంది. ఆ హాలు మెట్లు చూశాక మాత్రం కూతురి చెయ్యి వదిలేసి, కొంగు భుజాల చుట్టూ కప్పుకుని తనంతట తానే ఎక్కింది.

చీరల పంపకం అయింది. తెల్లచీరలు పట్టుకున్న ఆడవాళ్ళు వరుసగా కూర్చున్నారు. ముందు వరసలో తిరుమలరావు గారు, ఆ పక్కన నాలుగు కుర్చీల అవతల ఎరుకమ్మ. గౌతమి గారు పట్టుచీర కట్టుకుని, తలనిండా మల్లెపూలు పెట్టుకుని స్టేజీమీద నిలబడ్డారు. శాలువా కప్పారు. తాంబూలం ఇచ్చారు. రామ్‌ప్రసాద్ మైకు సింహాచలమ్మకు ఇచ్చాడు.

"మేడమ్ గారు నలుగురికీ ఇచ్చిన చెయ్యి," అంది సింహాచలమ్మ. "ఆ చేతికి తిరిగి ఇవ్వాలని చిన్నప్పటి నుంచీ నా కోరిక. మేడమ్, విప్పండి."

గౌతమి గారు మురిసిపోతూ బంగారు కాగితం చింపారు.

తెలుపు బయటపడింది. హాలులో గుసగుసలు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆవిడ చీరను అటూ ఇటూ తిప్పి చూశారు, లోపల ఇంకో రంగు ఉంటుందేమోనన్నట్టు. ఫోటోగ్రాఫరు కెమెరాలోంచి తల ఎత్తకుండానే "మేడమ్, థోడా భుజాన వేసుకోండి" అన్నాడు.

"ఇదేమిటమ్మా, పొరపాటున..."

"పొరపాటు కాదు మేడమ్. మీరిచ్చిందే. వేసుకోండి."

తిరుమలరావు గారు కర్ర ఊతంగా లేవబోయి మళ్ళీ కూలబడ్డారు. సింహాచలమ్మ ఆయన వైపు చూడలేదు. గౌతమి గారి చేతులు వణుకుతుంటే చూస్తోంది. ఇన్నేళ్ళుగా ఆకలిగా ఉన్నది ఆ వణుకు కోసమే.

అప్పుడు పక్కనుంచి గాజుల చప్పుడైంది. ఎరుకమ్మ స్టేజీ మెట్లెక్కి వస్తోంది. ఎవరూ ఆపలేదు. వచ్చి, గౌతమి గారి చేతుల్లోంచి చీర లాక్కుంది. చీర ఆవిడ భుజాన్ని తాకలేదు.

"ఇది నాది," అంది ఎరుకమ్మ. కూతురి చేతిలో ఉన్న మైకు దగ్గరికి మొహం పెట్టింది. "ఈయమ్మే ఇచ్చింది నాకు. ఈ హాల్లోనే. నా మొగుడు సముద్రం మీదున్నాడు. ఈయమ్మ మొగుడు ఎతకడానికెల్లి ఇంకా రాలేదు. నా పేరు ముందర ముండమోపి మాట ఎట్టి పిలిసింది."

గౌతమి గారి మొహం పాలిపోయింది. "నాకు... నాకసలు గుర్తులేదమ్మా. అప్పుడు నాతో ఎవరో చెప్పారు, మీ ఆయన..."

"ఎవులో సెప్పడమేటి? నా నుదురు సూత్తే తెలిసీది."

హాలంతా ఎరుకమ్మ నుదురు చూసింది. రూపాయి బిళ్ళంత ఎర్రటి బొట్టు. అప్పుడూ అంతే ఉంది, ఇప్పుడూ అంతే ఉంది.

"సూడలేదు నువ్వు. సీర సూసినావు, ఫోటో సూసినావు. నన్ను సూడలేదు." ఎరుకమ్మ ఆ చీరను క్లబ్బు బల్లమీద, దండల పక్కన పెట్టింది. "కట్టుకోలేదు. మడత గూడా ఇప్పలేదు. ఎవులిది ఆలకే."

తెల్లచీర పట్టుకుని కూర్చున్న వాళ్ళలో ఒకామె లేచింది. తన చీర కూడా తెచ్చి ఆ బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ వెనక ఇంకొకామె. గౌతమి గారు కుర్చీ కోసం చెయ్యి చాపారు. ఎవరూ జరపలేదు. తిరుమలరావు గారు మాత్రం కింద నుంచే ఎరుకమ్మకు రెండు చేతులూ జోడించారు.

*

ఆటోలో సింహాచలమ్మ తల్లి చెయ్యి పట్టుకోబోయింది. ఎరుకమ్మ వెనక్కి లాక్కుంది.

"నా పెట్టె తీసి నా సీర తీసినావు. అడిగినావా నన్ను?"

"నీ కోసమే కదమ్మా."

"నా కోసమా? ఏనాటికైనా ఆ మెట్టెక్కి నా సేత్తో ఇచ్చెయ్యాలని దాసుకున్నాను. నా పగ అది. దొంగతనంగా ఎత్తుకెల్లి, ఆ మడిసి పానం మీదకి తెచ్చినావు."

"చీర వేసుకుంటే మనిషి చచ్చిపోతాడా అమ్మా? నువ్వే కదా చిన్నప్పటి నుంచీ..."

"సీర సంపుతాదో లేదో ఆ సముద్రం తల్లికెరుక. నాకు తెల్దు. సంపుతాదని నమ్మి దాన్ని ఒక ముత్తయిదువ సేతిలో ఎట్టినావు సూడు, అది నాకు తెలుసు. నీకూ తెలుసు."

ఆటో లంబాలైన్ మలుపు దాటాక ఎరుకమ్మ మళ్ళీ అంది.

"ఆ బాబు మన కోసం తుపానులోకి ఎల్లాడు. ఇంటికెల్లగానే ఆయన పేర దీపం ఎట్టు. ఆయన పెళ్ళాం పేర కూడా."

సింహాచలమ్మ ఇంటికి వెళ్ళి కాళ్ళు కడుక్కుంది. అప్పన్న పటం ముందు ప్రమిద పెట్టి, ఒత్తి వేసి, నూనె పోసింది. తిరుమలరావు గారి పేరు చెప్పి, నూరేళ్ళు చల్లగా బతకాలని మనసారా మొక్కుకుంది. దీపం నిలకడగా వెలిగింది.

రెండో పేరు కోసం చేతులు జోడించి చాలాసేపు కూర్చుంది. తల్లి గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉంది. ఇంకో ఒత్తి తడిపింది, రెండో ప్రమిదలో పెట్టింది. అగ్గిపెట్టె మాత్రం అందుకోలేకపోయింది.