తల మీద రెండు తట్లు

ఆ ఆదివారం మధ్యాహ్నం, ఆక్లాండ్ సిటీలోని ఆ కాఫీ బార్‌లో, డెస్ అంకుల్ పియానో దారి తప్పింది. తన వంతు ముగించి అందరితో కలవాల్సిన మనిషి అవే నాలుగు వరసలు పట్టుకుని గిర్రున తిరుగుతున్నాడు. డెబ్బై ఆరేళ్లు. మొన్నటి చలికాలం నుంచి మతిమరుపు ముదిరింది. ఈవారం కూడా తప్పితే ఇంకొకరిని చూసుకుంటానని ఓనరు ముందే చెప్పేశాడు.

డ్రమ్స్ వాయించే కుర్రాడు, క్లారినెట్ పట్టుకున్న వీరేశం వైపు చూశాడు. సైగ చెయ్యవేం అన్నట్టు.

సైగ అంటే పెద్ద విద్యేం కాదు. వేలితో తల మీద రెండుసార్లు తట్టుకోవాలి, అంతే. కానీ వీరేశం చెయ్యి క్లారినెట్‌ని వదిలితేనా!

వరంగల్లో వాళ్ల నాయన పెళ్లి బ్యాండు నడిపేవాడు. ఊదేటప్పుడు కొడుకు తప్పాడో, పెళ్లివారందరి ముందూ తల తట్టి చూపించేవాడు. "దిమాకున్నదా?" అని దానర్థం. సిగ్గుతో చచ్చిపోయేవాడు పిల్లాడు.

2003లో చదువుకని వచ్చి, వీరేశం ఒక డెయిరీలో, అంటే అక్కడి కిరాణా కొట్లో, పనికి కుదిరాడు. పాలకోసం వచ్చిన డెస్, వెనక గదిలోంచి క్లారినెట్ విని, చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కుపోయాడు. స్వరాలు రాసిన కాగితం ముట్టనిచ్చేవాడు కాదు. ముందు నోటితో పాడు, తర్వాతే ఊదు అనేవాడు. ఆరు నెలలు అలా పాడించి పాడించి, ఇదే బార్‌లో స్టేజీ ఎక్కించాడు. మొదటి రోజే, వీరేశం మంచి ఊపు మీదుండగా, నవ్వుతూ తల తట్టి చూపించాడు.

అంతే. వీరేశం క్లారినెట్ పెట్టెలో పెట్టేసి, పాట మధ్యలోనే బస్సెక్కేశాడు. రెండు వారాలు డెస్ షాపులోకి వస్తే చాలు, బ్రెడ్డు అలమర వెనక నక్కాడు. మూడోవారం దొరికిపోయాడు.

"ఎందుకు పారిపోయావ్?"

"మీరే కద అంకుల్! అందరి ముంగట దిమాక్ లేదా అన్నరు!"

విషయం తెలిసేసరికి డెస్ పాల ఫ్రిజ్ పట్టుకుని దగ్గొచ్చేదాకా నవ్వాడు. పాట మొదటి వరసని జాజ్ వాళ్లు 'హెడ్' అంటారట. తల తట్టడమంటే, తిరిగి అక్కడికి రమ్మని పిలవడమట! తెలియనివాడికి ముందే చెప్పొద్దూ? ఆ తర్వాత వీరేశం ఎప్పుడు తప్పినా, "దిమాక్ లేదా?" అని తిరగని నాలుకతో ఏడిపించేవాడు.

ఇప్పుడు ఆ తల నిజంగానే మతి తప్పుతోంది. పదిమందిలో గురువుకి తల తట్టి చూపించడమా? ఛీ! కానీ ఊరుకుంటే ఈ పియానో కూడా పోతుంది ఆయనకి.

"డెస్ అంకుల్!"

ముసలాయన తలెత్తాడు. కళ్లలో బెదురు. వీరేశం గుండె గట్టి చేసుకుని తన తల మీద రెండుసార్లు తట్టుకున్నాడు.

డెస్ ఒక్క క్షణం తేరిపార చూశాడు. తర్వాత మొహమంతా నవ్వు.

"దిమాక్ లేదు, వీరూ! అస్సలు లేదు!"

అంటూనే తిన్నగా మొదటి వరసలోకి వచ్చేశాడు. కౌంటర్ దగ్గర ఓనరు కప్పులు తుడవడం ఆపి వింటున్నాడు. కలిసి ఊదాల్సిన వీరేశమే క్లారినెట్ కిందికి దించేసి వింటూ ఉండిపోయాడు. ఆ వరస డెస్ అంకుల్ ఒక్కడే వాయించాడు, ఒక్క స్వరం కూడా తప్పకుండా.