రబాబా తాగని కాఫీ

కరక్ ఊరి మ్యూజియంలో పొద్దున్నే ఫిద్దా చేసే మొదటి పని కాఫీ గింజలు వేయించడం. రోట్లో దంచి, యాలకులు వేసి మరిగించి, తొలి కప్పు గాజు పెట్టె ముందు పెడుతుంది. పెట్టెలో ఉన్నది రబాబా అనే వాయిద్యం. మేకతోలు బిగించిన చెక్కచట్రం, గుర్రపు వెంట్రుకల ఒకే ఒక్క తీగ, పక్కన కమాను. ఆమె నేల తుడిచి వచ్చేసరికి కప్పు ఖాళీ అయి ఉంటుంది. అతిథి కదా, తాగుతుంది మరి.

అది ఫిద్దా వాళ్ళ నాన్నది. ఒంటెల వెనక తిరుగుతూ కూతురికి వాయించడం నేర్పాడు. ఆయన పోయాక అన్న ముత్లఖ్, "ఆడపిల్ల నలుగురిలో రబాబా పట్టుకుని కూర్చుంటుందా!" అని, తను అధికారిగా ఉన్న ఈ మ్యూజియంలోనే పెట్టి తాళం వేశాడు. ఇవాళ దాన్ని రాజధాని అమ్మాన్‌లోని పెద్ద మ్యూజియానికి పంపేస్తున్నాడు. గాజు ఇవతలి నుంచి చూసుకోవడం కూడా ఇక ఉండదు ఫిద్దాకి.

అలాంటి రోజున కప్పు నిండుగానే ఉండిపోయింది.

"అన్నా, తాగలేదు."

"చల్లారిందేమో. వేడిది పోసి చూడు."

పోసింది. ఆవిరి పోయింది గానీ చుక్క తగ్గలేదు.

"యాలకులు తక్కువేశావా?"

"నా కాఫీకి వంకలు పెట్టకు. అది నిన్నేదో అడుగుతోంది."

ముత్లఖ్‌కి తెలియక కాదు. అతిథి కాఫీ ముట్టకుండా కింద పెట్టాడంటే మనసులో కోరిక ఉన్నట్టు. ఇచ్చానని ఇంటాయన అనేదాకా తాగడు. తాగకుండా వెళ్ళిపోతే ఆ ఇంటి పరువు పోయినట్టే.

రబాబాను తీసుకెళ్ళడానికొచ్చిన లారీ డ్రైవర్ హుమూద్ గుమ్మంలోంచి నవ్వాడు. "ఏమయ్యోయ్, మీ వంశం పరువు కూడా నా బండికే ఎక్కిస్తావా? నా వల్ల కాదు."

ముత్లఖ్ పెట్టె ముందు గొంతుక్కూర్చున్నాడు. "అమ్మాన్ వెళ్ళవా? సరే, పంపను. తాగు."

కప్పు సగానికి దిగింది. అక్కడే ఆగింది.

"ఇంకేం కావాలే తల్లీ నీకు?"

తల తిప్పితే ఫిద్దా కనపడింది. నేల చూస్తోంది. ఎడమచేతి వేళ్ళు మాత్రం ముసుగు అంచు మీద తీగ ఉన్నట్టే కదులుతున్నాయి. నాన్న వేళ్ళు అచ్చం అలాగే కదిలేవి.

ముత్లఖ్ లేచాడు. నడుముకున్న తాళంచెవి విప్పి చెల్లెలి చేతిలో పెట్టాడు.

"ఇచ్చాను," అన్నాడు రబాబాతో. ఆమెతో మాత్రం, "వాయించు. ఎవరేమన్నా నేను చూసుకుంటా," అన్నాడు.

ఫిద్దా పెట్టె తెరిచి, తోలు వేడెక్కి బిగిసేదాకా రబాబాను కాఫీ నిప్పుల దగ్గర పట్టుకుంది. హుమూద్ వచ్చి చాప మీద చతికిలబడ్డాడు. కమాను తీగను తాకింది. పెట్టె ముందు ఖాళీ అయిపోయిన కప్పు, ఇక చాలని చెప్పడానికి అతిథి ఊపినట్టుగా, తనంతట తానే అటూ ఇటూ ఊగింది.