మదారన్న పార్టీ పాత పాటలు

మైపాడు మదార్ బ్యాండు పార్టీ పాత పాటలు తప్ప వాయించదని జిల్లాలో చాలామందికి తెలుసు. అదేదో మా పట్టుదల అనుకున్నారు. కొందరు పెద్దమనుషులు భుజం తట్టి మెచ్చుకున్నారు కూడా. మా మొహం. పట్టుదలా లేదు, పాడూ లేదు.

యాభై ఏడులో మదారన్న పార్టీ పెట్టినప్పుడు మేం నలుగురం. క్లారినెట్ ఆయనది. ట్రంపెట్ క్రీస్తురాజుది, చిన్న డ్రమ్ము రమణయ్యది, మెడకు తగిలించుకునే పెద్ద డ్రమ్ము నాది. స్వరాలు రాసుకోవడం మాలో ఎవరికీ రాదు. కొత్త సినిమా వస్తే మదారన్న నెల్లూరు పోయి, నేల టిక్కెట్టు కొని మూడు రోజులు వరసగా చూసేవాడు. మొదటి రోజు పల్లవి, రెండో రోజు చరణాలు, మూడో రోజు మధ్యలో వచ్చే వాయిద్యాలు. నాలుగో రోజు పొద్దున మమ్మల్ని ఇసుకలో కూర్చోబెట్టి పాట మొత్తం వాయించి, ఎవరు ఎక్కడ అందుకోవాలో చెప్పేవాడు. కథేమిటన్నా అని అడిగితే, "ఏమో అబ్బయ్యా, నేను చూడలేదు" అనేవాడు. పెళ్ళిళ్ళ రోజులొస్తే మాకు తిండికి తీరిక ఉండేది కాదు.

అరవై ఒకటిలో ఒక సినిమాకు ఆయన ఎనిమిది రోజులు పోయాడు. తొమ్మిదో రోజు పొద్దున వాయించాడు. అది ఆ పాట కాదు. మూడేళ్ళ కిందట మేం వాయించిన పాటే, కాస్త తొందరగా నడిచింది. క్రీస్తురాజు నా మొహం చూశాడు. నేను ఇసుక చూశాను.

"వచ్చినట్టేనా?" అన్నాడు మదారన్న.

"అచ్చం అదే అన్నా" అన్నాను. ఆ అబద్ధం నా నోటినుంచే వచ్చింది. మిగతా ఇద్దరూ తల ఊపారు.

అంతకు ముందునుంచే ఆయన పిలిస్తే పలికేవాడు కాదు. చెవిలో సముద్రం హోరు చేరిందని, చలి తగ్గితే అదే పోతుందని అనేవాడు. తన క్లారినెట్ మాత్రం పళ్ళగుండా ఆయనకు వినబడేది. నెల్లూరులో ఒక డాక్టరు చూసి, దీనికి మందు లేదు, ఇంకా ముదురుతుంది అని ఆయన భార్య జమాల్‌బీ వదినకూ నాకూ చెప్పాడు. మదారన్నకు చెప్పాలంటే గట్టిగా అరవాలి. అలాంటి మాట అరిచి ఎవరు చెబుతారు? బస్సు దిగాక వదిన నన్ను పక్కకు పిలిచింది.

"ఆయనకు చెప్పబాక మాల్యాద్రీ. క్లారినెట్టు కింద పెట్టినాడంటే మనిషి దక్కడు."

కొత్త పాట అడిగినవాళ్ళకు, మాది పాతపాటల పార్టీ అని మేమే చెప్పడం మొదలుపెట్టాం. వేళ్ళకు వచ్చిన పాటలను ఆయన మరిచిపోలేదు. దరువు అందడం కోసం నేను ఆయన పక్కనే, డ్రమ్ము మోచేతికి తగిలేంత దగ్గరగా నిలబడేవాణ్ణి. ఆ అదురు పట్టుకుని వాయించేవాడు. పైకి గొప్ప పేరు, లోపల మా ముగ్గురికీ రోజూ భయం.

అరవై అయిదులో బుచ్చిరెడ్డిపాలెం రైతు పద్మనాభయ్యగారి కూతురి పెళ్ళి. సాయంత్రం నాలుగింటికి ఎదురుకోలు. పెళ్ళికొడుకు వైపు కుర్రాళ్ళు కొత్త పాట కావాలన్నారు. క్రీస్తురాజు అలవాటు ప్రకారం మాది పాతపాటల పార్టీ అని గొప్పలు చెప్పాడు. వాళ్ళు నవ్వి, మా వెనక మిద్దెమీద కట్టిన మైకుసెట్టులో రికార్డు పెట్టించారు. అప్పటికే మదారన్న కళ్ళు మూసుకుని పాట ఎత్తుకున్నాడు. లౌడ్‌స్పీకరు హోరులో నా డ్రమ్ము నాకే వినబడలేదు. వెనకాల క్రీస్తురాజు ట్రంపెట్ దించేశాడు. రమణయ్య పుల్లలు చంకలో పెట్టుకున్నాడు. మదారన్న వాయిస్తూనే ఉన్నాడు.

పద్మనాభయ్యగారు వచ్చి నా చెవి దగ్గర వంగారు. "ఆపమని చెప్పు నాయనా. పెద్దాయన్ని చూసి జనం నవ్వతా ఉండారు. నాకు బాధగా ఉండాది."

ఆయన కోప్పడి ఉంటే బాగుండేది, నేనూ తిరిగి ఒక మాట అనేవాణ్ణి. నా చెయ్యి ఆగితే మదారన్న కళ్ళు తెరుస్తాడు, వెనక్కి తిరుగుతాడు, అంతా తెలిసిపోతుంది. ఆపుదామనే అనుకున్నాను. చెయ్యి ఆగలేదు.

పాట అయింది. ఆయన కళ్ళు తెరిచాడు. ఎదురుగా కుర్రాళ్ళు తువ్వాళ్ళు తిప్పుతూ రికార్డుకు గంతులేస్తున్నారు. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని మమ్మల్నే చూసి నవ్వుతున్నారు. మదారన్న మొహం వెలిగిపోయింది. నాలుగేళ్ళలో ఆయన్ని అంత సంతోషంగా నేను చూడలేదు.

"చూసినావా మాల్యాద్రీ" అన్నాడు. "మన పాతపాటకి పిలకాయలు ఎట్టా ఎగరతా ఉండారో. ఇంకోసారి వాయిద్దాం పట్టు."

పద్మనాభయ్యగారు తల దించుకుని పక్కకు తప్పుకున్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆ పాటను ఆ సాయంత్రం మేమిద్దరం ఇంకో రెండుసార్లు వాయించాం.