ఆరో నంబరు తొడుక్కున్న ఇంజన్

నేను ఒక షంటింగ్ ఇంజన్‌ని. ప్రస్తుతం ఒకావిడ నా కడుపు కింద దూరి, చాకుతో నా రంగు గీకేస్తోంది. బయటికి కనపడుతున్న ఆవిడ కాళ్ల దగ్గర వాచ్‌మన్ నిలబడి గోల పెడుతున్నాడు.

“ఓలమ్మా! కాసేపట్లో రిబ్బన్ కటింగు. నిన్ననే రంగేసినాం. బయటికి రండమ్మా, నా ఉజ్జోగం ఊడిపోద్ది!”

“ఇంకొంచెం గీకనివ్వండి. ఇది ఆరో నంబరు ఇంజన్ కాదు.”

నాకు తల లేదు. ఉంటే అక్కడికక్కడే దించుకునేదాన్ని.

రైలు ఇంజన్లు ఊళ్లు తిరుగుతాయి. మా జాతి ఫ్యాక్టరీ ప్రహరీ దాటదు. వ్యాగన్లను ఇటు తోయడం, అటు లాగడం, అదే మా బతుకు. విజయనగరం అవతల ఈ ఇనుము కరిగించే ఫ్యాక్టరీకి నన్ను కొన్నప్పుడు నా ఒంటి మీద రాసిన అంకె నాలుగు. నా డ్రైవరు తవిటినాయుడు. పొద్దున్నే వచ్చి నా బోనెట్టు మీద అరచేత్తో ఒకటి చరిచి, “లెగు, పెళ్లికొడకా” అనేవాడు.

ఒకసారి తవిటినాయుడు బ్రేకు వేస్తే కింద ఏదో కిర్రుమంది. షెడ్డు ఫోర్‌మన్‌కి చెప్పాడు. “బాగానే ఉందిలే” అన్నాడు ఆయన. మర్నాడు పోలారావు అనే పాయింట్స్‌మన్ వ్యాగన్ గొలుసు తగిలించడానికి నా ముందు వంగాడు. తవిటినాయుడు బ్రేకు వేశాడు. చక్రాన్ని నొక్కి ఆపే బ్రేకు బ్లాకును మోసే ఇనుప చెవి తెగిపోయింది. నేను ఆగలేదు.

అంతకు మించి ఆ సంగతి చెప్పలేను.

మా యార్డులో ఒక ఆచారం ఉంది. మనిషిని తిన్న ఇంజన్ని ఎవరూ ఎక్కరు. గుమ్మడికాయ కొట్టి, పాత నంబరు చెరిపి, కొత్తది రాయాలి. లేకపోతే చావు ఆ నంబరు చూసుకుంటూ మళ్లీ వస్తుందట. మనుషులు చిత్రమైనవాళ్లు. చావుకి చదువొచ్చని నమ్ముతారు!

నంబరు మార్చాలని కార్మికులు పట్టుబట్టారు. మార్చారు. కానీ మార్చింది అంకె ఒక్కటే కాదు. ఓవర్‌హాలుకి వచ్చి షెడ్డులో ఉన్న ఆరో నంబరు ఇంజన్ బోనెట్టునీ క్యాబునీ క్రేనుతో ఎత్తి నాకు తొడిగారు. రక్తం అంటిన నావి దానికి తొడిగారు. తర్వాత ఎంక్వయిరీ పెద్దలొచ్చి, నాలుగు అని రాసి ఉన్న ఇంజన్ని నడిపించి చూశారు. బ్రేకు భేషుగ్గా పట్టింది. పట్టదూ మరి? అది నేను కాదుగా!

తప్పు తవిటినాయుడిదని తేల్చారు. ఉద్యోగం పోయింది. “పోలారావుని సంపినోడు” అన్న పేరు మిగిలింది. నా నాలుగు తొడుక్కున్న ఆ ఇంజన్ తుక్కుకి పోయింది. నేను మాత్రం ఆరో నంబరుగా దసరా దసరాకి దండలు వేయించుకున్నాను. నాకు హారన్ ఉంది. కానీ నొక్కడానికి మనిషి కావాలి. చివరికి గేటు ముందు సిమెంటు అరుగెక్కించి, బోర్డు కూడా తగిలించారు: ‘ఒక్క ప్రమాదం ఎరుగని ఇంజన్’. ఆ బోర్డు కింద నిలబడటం కంటే కొలిమిలో కరిగిపోవడం నయం.

ఇప్పుడు ఫ్యాక్టరీ స్వర్ణోత్సవం. అద్దాల పెట్టెలో పెట్టడానికి నాలుగు, ఆరు నంబర్ల ఇంజన్లు మా ఇద్దరి చిన్న నమూనాలు చేయమని వింధ్యావళిగారికి అప్పగించారు. ఇప్పుడు నా కింద ఉన్నది ఆవిడే. రివెట్టు తేడా వచ్చినా నిద్రపట్టని మనిషి. మేం ఫ్యాక్టరీలో దిగిన నాటి ఫొటోలు ఆవిడ దగ్గరున్నాయి.

ఒంటినిండా గ్రీజుతో ఆవిడ బయటికి వచ్చేసరికి జనరల్ మేనేజరు వచ్చేశాడు. పక్కనే శాలువాతో మజ్జి ఎర్రునాయుడు, అప్పటి షెడ్డు ఫోర్‌మన్. ఇవాళ సన్మానం ఆయనకే. ఆయన చెల్లెలు పారమ్మ కూడా వచ్చింది. పారమ్మ మొగుడే తవిటినాయుడు. అతను మాత్రం రోడ్డవతల టీ బడ్డీ దగ్గరే ఆగిపోయాడు. ఉద్యోగం పోయిన నాటి నుంచీ ఈ గేటు వైపు అడుగేయలేదు.

“బోనెట్టు చొక్కా లాంటిది సార్. ఎవరిదైనా తొడగొచ్చు. చట్రం ఎముక” అంది వింధ్యావళి. “ఫొటోలో నాలుగో నంబరు చట్రానికి కోడిగుడ్డు ఆకారపు కన్నాలు. ఆరో నంబరుకి చదరపు కన్నాలు. దీనికున్నవి కోడిగుడ్లు. పైగా బ్రేకు చెవి తెగితే అతికించిన గుర్తు కూడా ఉంది.”

“పాత ఇంజన్లకి మార్పులు చేస్తాం మేడమ్. అందులో తప్పేముంది?” అన్నాడు మేనేజరు.

ఎర్రునాయుడు నవ్వాడు. “నంబరు మార్చమని కుర్రోళ్లే గోలెట్టినారండి. మనిసిని తినీసిన బండి ఎవుడెక్కుతాడు?”

“నంబరు మార్చడానికి రంగు డబ్బా చాలు. క్రేను ఎందుకు కట్టారు?” అంది వింధ్యావళి.

ఎర్రునాయుడి నవ్వు ఆగిపోయింది. శాలువా సర్దుకున్నాడు. “ఎప్పటి మాటో అది. ఎవుడికి గురుతుంటాది?”

“నాకు గురుతున్నాది” అంది పారమ్మ. “ఎంక్వయిరీ అయినాక మా ఇంటికొచ్చి ఏటన్నావు? ‘బండి నా సేత్తో సూసినాను బావా, బ్రేకు బాగున్నాది, నీ కాలే జారింటాది’ అన్లేదూ? ఆ మాట నమ్మీసి, నిద్దట్లో కూడా కాలు తొక్కుతాడు నా మొగుడు. బ్రేకు తొక్కుతున్నాననుకుంటాడు.”

“ఊరుకోయే పారీ! పదిమందిలో…”

ఆమె ఊరుకోలేదు. సరాసరి రోడ్డు దాటింది. బస్సు కీచుమని ఆగినా చూడలేదు. తవిటినాయుడి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి నా ముందు నిలబెట్టింది.

“మావా, ఇదే నీ బండి. చెవి తెగిపోయిందట. నీ కాలు జారనేదు.”

అతను నన్ను చూశాడు. వంగి, నా చట్రం కన్నంలో వేళ్లు పెట్టి అంచు తడిమాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

“నాను కాదా?” అన్నాడు. “మరి పోలిగాణ్ణి సంపిందెవుడే?”

వాచ్‌మన్ టోపీ తీశాడు. జవాబు తెలియనివాడు అక్కడ ఒక్కడూ లేడు.

పారమ్మ శాలువా వైపు తిరిగింది. గేటు లోపలికి కూడా వినపడేట్టు చెప్పింది.

“మజ్జి ఎర్రునాయుడు. నా తోడబుట్టినోడు.”